ఒకే వరుసలో కూర్చునే ఎనిమిది మంది జట్టు అవుతారా?

మారతహళ్ళి టెస్టర్
శనివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగం చూస్తున్నాను. నాతో కలిపి ఎనిమిది మందిమి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో క్లయింటు ఉత్పత్తి ఉంది. నా పని పూర్తి కావడానికి పక్కవారి పని పూర్తి కానవసరం లేదు. ఎవరైనా సెలవు పెడితే మిగతా వారి పని ఆగదు, కానీ సెలవు పెట్టినవారి క్లయింటు పని మాత్రం అక్కడికక్కడే నిలిచిపోతుంది. ఆ ఉత్పత్తి సంగతి మరెవరికీ తెలియదు. ఏడాది చివర రేటింగులు మాత్రం ఎనిమిది మందినీ వరుస కట్టి ఇస్తారు. ఒకరు పైకి వెళితే ఒకరు కిందికి దిగవలసిందే.

ఈ మధ్య కొత్త మేనేజర్ వచ్చారు. మనుషుల మంచి కోరే వ్యక్తి, అందులో సందేహం లేదు. రోజూ ఉదయం గంటసేపు అందరం కూర్చుని ఎవరి పని వారు చెప్పాలన్నారు. వచ్చే నెల కూర్గు ప్రయాణం పెట్టారు. "మీరు పక్కపక్కన పనిచేస్తున్నారు గాని కలిసి పనిచేయడం లేదు, జట్టుగా మారాలి" అంటున్నారు. ఆ మాటలో నిజం ఉందనే నాకూ అనిపిస్తోంది. కానీ ఆ గంటలో ఏడుగురు చెప్పేది వినేవారికి ఏ విధంగానూ అక్కరకు రావడం లేదు.

మాలాంటివారు నిజంగా జట్టు కావాలా? కావాలంటే ఏది మారాలి? ఇక్కడ రకరకాల వృత్తుల వారున్నారు కాబట్టి అడుగుతున్నాను. నిర్వచనాల కంటే మీ పనిచోట ఏం జరుగుతుందో చెబితే మేలు.

పీణ్య యూనిట్
శనివారం, ఉదయం 9:48

మాది పీణ్యలో చిన్న మెషిన్ షాపు. రాడ్డు కోత, సీఎన్‌సీ టర్నింగ్ (కంప్యూటరు నడిపే మెషిన్ మీద ముక్కను గుండ్రంగా చెక్కడం), డ్రిల్లింగ్, గ్రైండింగ్ (అరగదీసి కొలతకు తేవడం), చివర ఇన్‌స్పెక్షన్. ఒకరి చేతిలోంచి ముక్క మరొకరి చేతిలోకి వెళుతుంది. గ్రైండింగులో అరగదీయడానికి పావు మిల్లీమీటరు లోహం అదనంగా వదలవలసిన చోట టర్నింగు చేసే కుర్రవాడు అర మిల్లీమీటరు వదిలితే అతని పని త్వరగా అయిపోయినట్టే కనిపిస్తుంది. గ్రైండింగు చేసేవాడికి ఒక్కో ముక్క మీద పట్టే సమయం మాత్రం పెరిగిపోతుంది. టర్నింగు మెషిన్ దగ్గరే ముక్కలు లెక్కపెట్టి ప్రోత్సాహకం ఇచ్చే షాపుల్లో గ్రైండింగు దగ్గర ట్రేలు పేరుకుపోవడం నేను చూస్తూనే ఉంటాను. మా దగ్గర ఇన్‌స్పెక్షన్ దాటిన ముక్కలనే లెక్కపెడతాం, వచ్చినది అందరికీ పంచుతాం. అందువల్ల టర్నింగు కుర్రవాడు తనంతట తానే వెళ్ళి "అన్నా, ఎంత వదలమంటావు?" అని అడుగుతాడు. ఎవరూ అతనికి ఉపన్యాసం ఇవ్వలేదు.

మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నా చేతిలోంచి పని ఎవరి చేతిలోకి వెళుతోంది? ఎవరి చేతిలోకీ వెళ్ళకపోతే రోజూ గంటసేపు కూర్చోబెట్టినా జట్టు పుట్టదు.

పరిశోధక విద్యార్థిని
శనివారం, ఉదయం 10:30

నేను సంస్థల్లో మనుషుల ప్రవర్తన మీద పరిశోధన చేస్తున్నాను. పీణ్య గారు అడిగిన ప్రశ్నే జేమ్స్ థాంప్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1967లో అడిగి, జవాబును మూడు రకాలుగా విడదీశాడు.

మొదటి రకంలో ఎవరి పని వారు చేస్తారు, అన్నీ చివరికి సంస్థ ఖాతాలో కలుస్తాయి. ఎలక్ట్రానిక్ సిటీలో కాల్ సెంటరులో పక్కపక్కన కూర్చుని వేర్వేరు ఫోన్లు ఎత్తేవారిది ఇదే. రెండో రకంలో ఒకరు పూర్తి చేసినది మరొకరి చేతికి వెళుతుంది, పీణ్య గారి షాపులో లాగా. మూడో రకంలో పని ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది. ఒకరు చేసినది చూసి మరొకరు అప్పటికప్పుడు తమ పని మార్చుకోవాలి. ఆపరేషన్ థియేటర్ అలాంటిది.

ఆయన అసలు చెప్పదలచినది ఆ తరువాత వస్తుంది. మొదటి రకానికి అందరూ పాటించే ఉమ్మడి నియమాలు చాలు. రెండోదానికి ముందస్తు ప్రణాళిక కావాలి. మూడోదానికి మాత్రమే ఎప్పటికప్పుడు మాట్లాడుకుంటూ సర్దుకోవడం తప్పనిసరి. అన్నిటిలోకీ ఖర్చు ఎక్కువైనది కూడా అదే, మనుషుల సమయాన్నీ శ్రద్ధనూ తినేస్తుంది. మారతహళ్ళి గారూ, మీ పని దాదాపు మొదటి రకం. మీ మేనేజర్ దానికి మూడో రకానికి చెందిన మందు వేస్తున్నారు. మందు మంచిదే, రోగం అది కాదు.

ఇంకొక మాట. సమూహం అంటే జట్టు కాలేక మిగిలిపోయినది అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. విడివిడిగా చేయదగిన పనిని విడివిడిగా, శుభ్రంగా చేసే సమూహం గౌరవించదగినదే.

వైట్‌ఫీల్డ్ మేనేజర్
శనివారం, ఉదయం 11:15

నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను. ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు అనంతపురం నుంచీ, శ్రీకాకుళం నుంచీ వచ్చి ఇక్కడ పీజీ హాస్టళ్ళలో ఉంటారు. ఆఫీసులో పక్కవారి పేరు తెలియకుండా నెలలు గడిచిపోతాయి. పని ఒకరి మీద ఒకరికి ఆధారపడలేదు కాబట్టి కూర్చోబెట్టనక్కరలేదనడం నాకు కఠినంగా తోస్తోంది. కష్టం వచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలియని పిల్లవాడు ఉద్యోగమే వదిలి వెళ్ళిపోతాడు.

పైగా ఏ జట్టూ మొదటి రోజే జట్టు కాదు. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లో చెప్పిన దశలు మాకు శిక్షణలో నేర్పుతారు: చేరడం, ఘర్షణ పడడం, సర్దుకోవడం, ఆ తరువాతే సమర్థంగా పనిచేయడం. మారతహళ్ళి గారి విభాగం బహుశా మొదటి దశలో ఉంది. మేనేజర్ గారికి సమయం ఇవ్వండి.

పరిశోధక విద్యార్థిని
శనివారం, ఉదయం 11:52

వైట్‌ఫీల్డ్ గారూ, పిల్లల ఒంటరితనం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. దానికి పరిష్కారం వెతకాలి. కానీ టక్‌మన్ దశలను ఇక్కడ సాక్ష్యంగా తేవడం సరికాదు. ఆయన ఆ వ్యాసంలో సొంతంగా ఏ కార్యాలయాన్నీ పరిశీలించలేదు. అప్పటికి వచ్చిన 50 వ్యాసాలను సమీక్షించాడు. వాటిలో ఎక్కువ భాగం మానసిక చికిత్స కోసం కూడిన సమూహాల గురించీ, శిక్షణ సమూహాల గురించీ రాసినవి. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడమనే ఐదో దశను చేర్చాడు. పరిశీలనకు అది మంచి చూపే. కాలక్రమేణా ప్రతి సమూహమూ జట్టుగా పండుతుందన్న హామీ మాత్రం అందులో లేదు. పని స్వభావం మారకపోతే ఏళ్ళు గడిచినా సమూహం సమూహంగానే ఉంటుంది.

కలిపి కూర్చోబెడితే శ్రమ దానంతట అదే పెరుగుతుందన్నదీ నిజం కాదు. మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతుకు వచ్చిన బలం ఒంటరిగా లాగినప్పటిలో దాదాపు సగమే. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కొంత కారణం. అది ఒక్కటే కాదని 1974లో ఆలన్ ఇంగమ్ బృందం తేల్చింది. కళ్ళకు గంతలు కట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. వెనుక ఎవరూ లాగకపోయినా మనిషి తన బలం తగ్గించాడు. తరువాత బిబ్ లటానే అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు చప్పట్లూ కేకలతో అదే చూపించి, 1981లో మరో మెట్టు ఎక్కారు. ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ అలసత్వం పోయింది.

కాబట్టి మారతహళ్ళి గారి విభాగంలో ఎవరి పని ఎంతో విడిగా కనిపించడం లోపం కాదు. దాన్ని పోగొట్టుకోకండి.

కంఠీరవ కోచ్
శనివారం, మధ్యాహ్నం 12:40

తాడు లెక్క సరే. మొత్తం కంటే ఎక్కువ వచ్చే లెక్క కూడా వినండి. నేను పిల్లలకు పరుగు నేర్పుతాను.

2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా పురుషులు 4×100 రిలేను 36.84 సెకన్లలో ముగించారు. నెస్టా కార్టర్, మైఖేల్ ఫ్రేటర్, యోహాన్ బ్లేక్, ఉసేన్ బోల్ట్. వీరి వ్యక్తిగత 100 మీటర్ల అత్యుత్తమ సమయాలు 9.78, 9.88, 9.69, 9.58. కూడితే 38.93. నలుగురూ విడివిడిగా తమ జీవితంలోకెల్లా గొప్ప పరుగు పరుగెత్తినా రాని రెండు సెకన్లు కలిసి పరుగెత్తితే వచ్చాయి. కారణం తెలిసినదే. మొదటివాడు తప్ప మిగతా ముగ్గురూ నిలబడిన చోటు నుంచి కాక, కర్ర అందుకునేసరికే వేగంలో ఉంటారు.

ఆ లాభం ఉండేది కర్ర చేతులు మారే 30 మీటర్లలోనే. కర్ర జారిపోయేదీ అక్కడే. అందుకే రిలే పిల్లలకు నేను ఎక్కువగా నేర్పేది పరుగు కాదు, ఆ అందుకోవడం. షాట్‌పుట్ పిల్లలను తెచ్చి దాంట్లో కూర్చోబెట్టను. వారికి అది అక్కర లేదు, వారి సాధన సమయం పోతుంది. అయినా అందరూ ఒకే మైదానం, ఒకే చొక్కా, ఒకే బస్సు. రాష్ట్ర పోటీల్లో పాయింట్లు కూడా కలిపే లెక్కిస్తారు.

మీ విభాగంలో కర్ర చేతులు మారే చోటు ఎక్కడైనా ఉందా, మారతహళ్ళి గారూ? ఉంటే మీ సమయమంతా అక్కడ పెట్టండి.

మారతహళ్ళి టెస్టర్
శనివారం, మధ్యాహ్నం 1:25

కోచ్ గారి ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. ఉంది. మా ఉత్పత్తుల్లో మూడు ఒకే చెల్లింపుల మాడ్యూల్‌ను వాడతాయి. అది మారినప్పుడల్లా కొత్త వెర్షన్ విడుదల చేసే రాత్రి ఆ ముగ్గురు టెస్టర్లూ కూర్చోవాలి. ఒకరికి దొరికిన దోషం మరొకరి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఒకరు పరీక్ష ఆపితే మిగతా ఇద్దరూ ఆపాలి. అక్కడ నిజంగానే మాట్లాడుకోక తప్పదు. మిగతా ఐదుగురికి అలాంటిదేమీ లేదు.

ఇంకో చిక్కు. ఆ ముగ్గురూ స్థిరంగా ఉండరు. సెలవులను బట్టి, రాజీనామాలను బట్టి మనుషులు మారిపోతూ ఉంటారు. తరచూ మారేవారిని జట్టు అనవచ్చా?

హెచ్ఏఎల్ విశ్రాంత ఉద్యోగి
శనివారం, సాయంత్రం 4:05

జీవితమంతా విమానాల మధ్య గడిపినవాడిని. మనుషులు మారిపోవడం గురించి ఒక సంగతి చెబుతాను, తేలికగా తీసుకోవద్దు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 1994లో విమాన సిబ్బంది తప్పిదాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. సిబ్బంది జత గురించి సమాచారం దొరికిన ప్రమాదాల్లో 73 శాతం, ఆ కెప్టెనూ ఫస్ట్ ఆఫీసరూ (పక్కన కూర్చునే సహ పైలట్) కలిసి ఎగిరిన మొదటి రోజునే జరిగాయి. 44 శాతం వారి మొట్టమొదటి ప్రయాణంలోనే. జట్ల మీద జీవితకాలం పరిశోధించిన హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ హాక్‌మన్ ఈ అంకెలను పదేపదే గుర్తు చేసేవాడు. జట్టును మాటిమాటికీ కదపవద్దని ఆయన వాదన. కొత్త రక్తం కావాలంటూ మనుషులను మార్చే యాజమాన్యాలు ఈ అంకెలు చూడాలి.

అలాగని పక్కనే కూర్చున్నంత మాత్రాన జట్టు అయిపోదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది, ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని అడిగాడు కూడా. చాలా అనుభవమున్న కెప్టెన్ ఖాళీ చేసిందని గట్టిగా చెప్పేశాడు. ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. ప్రాణాలు కాపాడగల సందేహం ఒకరి దగ్గర ఉంది. అది నిర్ణయంగా మారలేదు. ఈ ప్రమాదమూ, ఇలాంటివి మరికొన్నీ చూశాక 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు నుంచే కాక్‌పిట్‌లో సమన్వయం నేర్పే శిక్షణ పుట్టింది. పైలట్లకు ఎగరడం వచ్చు. ఒకరినొకరు అడగడం, ఆపడం నేర్పవలసి వచ్చింది.

మృదంగం శిష్యుడు
శనివారం, సాయంత్రం 6:20

పెద్దవారికి నమస్కారం. మీ అంకెలను కాదనే స్తోమత నాకు లేదు. కానీ మా రంగంలో రోజూ జరిగేది దీనికి ఎదురుగా ఉంది, అది కూడా వినండి.

చామరాజపేట కోట హైస్కూలు మైదానం పేరుతో అందరికీ తెలిసిన శ్రీరామనవమి సంగీతోత్సవం 1939లో మొదలైంది. అక్కడే కాదు, ఏ కచేరీకైనా వచ్చి చూడండి. గాయకుడు చెన్నై నుంచి వస్తాడు, వయొలిన్ మైసూరు, మృదంగం బెంగళూరు. చాలాసార్లు ముందుగా సాధన ఉండదు. ఏ కృతి పాడబోతున్నారో పక్కవాద్యాల వారికి పల్లవి ఎత్తుకునే దాకా తెలియకపోవచ్చు. అయినా ఆ మూడు గంటలూ వారు జట్టే. గాయకుడు నెరవుకు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా పెంచి పాడడానికి, ఏ పంక్తి ఎత్తుకున్నాడో వయొలిన్ అప్పటికప్పుడు పట్టుకోవాలి. తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం వాయించిన నడకకు ఘటం జవాబివ్వాలి, కొరైప్పులో ఆవర్తాలు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి కలిసి మోరా, కోర్వై అనే ముగింపులు వేసి సరిగ్గా ఎత్తుగడలో, అంటే పాట మొదలయ్యే చోట, గాయకుడి చేతికి అప్పగించాలి. అది ఏడక్షరాల మిశ్రచాపు తాళంలో అయితే ఒక్క అక్షరం తేడా వచ్చినా సభలో తాళం వేస్తున్నవారికి తెలిసిపోతుంది.

ఇది ఎలా సాధ్యం? ముగ్గురూ వేర్వేరు గురువుల దగ్గర నేర్చుకున్నా తాళం ఒకటే, కృతి నడక ఒకటే, ఎవరు ఎప్పుడు ముందుకు రావాలి, ఎప్పుడు తగ్గాలి అన్న మర్యాద ఒకటే. మా గురువుగారు నాకు ముందు నేర్పింది గాయకుడి ముఖం చూడడం. కృతి నడుస్తున్నప్పుడు చెయ్యి చూసుకుంటే ఊరుకోరు. మనుషులు కొత్తవారైనా వారిని కలిపేది పాతది అయితే జట్టు కుదురుతుంది. ఇది లేకుండా ఎంత స్నేహమున్నా కచేరీ నిలవదు.

రాత్రి డ్యూటీ నర్సు
శనివారం, రాత్రి 7:45

మృదంగం తమ్ముడు నా మాటే చెప్పాడు. నేను ఆపరేషన్ థియేటర్ నర్సును. మాకు స్థిరమైన జట్టు ఉండదు. ఈ రోజు సర్జన్ ఒకరు, మత్తు డాక్టరు మరొకరు, టెక్నీషియన్ ఇంకొకరు. రేపు వేరే వారు. మనుషులను కట్టిపడేయడం ఆసుపత్రిలో కుదరదు. అందుకే మొదటి నిమిషం మీద ఆధారపడతాం.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు ఒక పట్టిక విడుదల చేసింది. మొత్తం 19 అంశాలు. కోత పెట్టే ముందు ఆగి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ తమ పనీ చెప్పాలి. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అన్నది బిగ్గరగా అనుకోవాలి. ఎంత రక్తం పోవచ్చో, దేని గురించి ఆందోళనగా ఉందో సర్జనూ, మత్తు డాక్టరూ, నర్సూ వేర్వేరుగా చెప్పాలి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు, ఢిల్లీ అందులో ఒకటి. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

పేరు చెప్పడం మర్యాద కోసమని బయటివారు అనుకుంటారు. కాదు. ఒకసారి తన పేరు చెప్పి నోరు తెరిచిన జూనియర్ నర్సు, తరువాత గాజుగుడ్డ లెక్క తేడా వచ్చినప్పుడు "డాక్టర్ గారూ, ఆగండి" అనగలుగుతుంది. ఏమీ మాట్లాడకుండా మూలన నిలబడినమ్మాయికి ఆ మాట గొంతులోంచి రాదు. పెద్దాయన చెప్పిన ఇంజినీరు అడిగాడు గాని అతని ప్రశ్నకు ఆ గదిలో చోటు లేదు. ఆ చోటు ముందే చేసి పెట్టాలి. విడుదల రాత్రి మీ ముగ్గురికీ కావలసింది ఇదేనని నా అభిప్రాయం.

పరిశోధక విద్యార్థిని
శనివారం, రాత్రి 8:30

నర్సు గారి మాటకు అనుబంధం. ఆసుపత్రి విభాగాల్లో మందుల పొరపాట్లను ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు పరిశీలించింది, 1996లో ప్రచురించింది. మంచి నాయకత్వమూ, మంచి సంబంధాలూ ఉన్న విభాగాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకుంది. నమోదైన పొరపాట్లు అక్కడే ఎక్కువ. అక్కడ ఎక్కువ జరగడం కాదు, జరిగినది భయం లేకుండా బయటపెడుతున్నారు అన్నది ఆమె ఇచ్చిన వివరణ. మీ విడుదల రాత్రుల్లో దోషాల సంఖ్య పెరిగితే వెంటనే కంగారు పడవద్దని మీ మేనేజర్‌కు చెప్పండి.

హెచ్ఏఎల్ గారి అంకెలకూ, మృదంగం గారి కచేరీకీ మధ్య నాకు పెద్ద వైరుధ్యం కనిపించడం లేదు. కొత్త జత ప్రమాదకరం. ఆ ప్రమాదాన్ని తగ్గించేవి రెండు: దీర్ఘకాలం ఒకే పద్ధతిలో పొందిన శిక్షణ, పని మొదలుపెట్టే ముందు ఒకరినొకరు ఎరుక పరచుకోవడం. కచేరీలో మొదటిది ఏళ్ళ తరబడి జరిగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ మొదటిదే చాలా బలహీనం.

హెచ్ఏఎల్ విశ్రాంత ఉద్యోగి
శనివారం, రాత్రి 8:52

ఒప్పుకుంటున్నానమ్మా. పైలట్లకు కూడా ప్రతి మాటా, ప్రతి చెక్‌లిస్టూ ఒకే మూసలో నేర్పేది అందుకే. అయినా ఎంపిక చేతిలో ఉంటే జతను కదపకపోవడమే మేలంటాను.

సర్జాపుర అపార్ట్‌మెంట్ కార్యదర్శి
ఆదివారం, ఉదయం 8:15

ఉద్యోగాల్లోనే కాదు, ఇళ్ళ దగ్గరా ఇదే ప్రశ్న. 2024 మార్చిలో బెంగళూరు నీటి కటకట అందరికీ గుర్తుంది. తాగునీటితో కార్లు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజులు. మా సముదాయంలో బోర్లు ఎండిపోయాయి. వాట్సాప్ గ్రూపులో 200 మంది ఉన్నారు. అందరి లక్ష్యమూ ఒకటే, నీళ్ళు రావాలి. అందరికీ ఒకే కష్టం. అయినా పగలూ రాత్రీ సందేశాలు తప్ప ఒక్క ట్యాంకరూ రాలేదు.

చివరికి ఐదుగురు విడిగా కూర్చున్నారు. ఒకరు ట్యాంకర్ల వారితో మాట్లాడడం, ఒకరు సంపు మట్టం రాసి పెట్టడం, ఒకరు ఏ బ్లాకుకు ఎప్పుడు వదలాలో వేళలు, ఒకరు కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు బిగించే ప్లంబర్ వెంట తిరగడం, ఒకరు డబ్బు లెక్క. సంపు మట్టం తెలియకుండా ట్యాంకరు పిలవలేరు, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియకుండా వేళలు పెట్టలేరు. ఒకరి అంకె లేకుండా మరొకరు కదలలేని పరిస్థితి. వారు ఆ వేసవంతా విడిపోలేదు.

ఒకే లక్ష్యం ఉంటే జట్టు అవుతుందని చాలా శిక్షణల్లో చెబుతారు. 200 మందికి ఒకే లక్ష్యం ఉండడం నేను చూశాను, అది చాలదు. లెక్క వేసినా తెలుస్తుంది: ఐదుగురి మధ్య మాట్లాడుకునే జతలు 10, ఎనిమిది మందికి 28, రెండు వందల మందికి 19,900. మిగిలిన 195 మంది పనికిరానివారని అనడం లేదు. వారు నియమం పాటించారు, బకెట్లతో సర్దుకున్నారు, డబ్బు కట్టారు. వారు పాటించకపోతే ఐదుగురూ ఏమీ చేయలేకపోయేవారు. పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన మొదటి రకం సమన్వయం అదే కాబోలు.

పీణ్య యూనిట్
ఆదివారం, ఉదయం 8:40

మంచి మాట చెప్పారు సార్. నియమం పాటించేవారికి కూడా కృతజ్ఞత చెప్పాలి, మనం ఎప్పుడూ ఆ ఐదుగురికే శాలువాలు కప్పుతాం.

హెచ్ఆర్‌లో పన్నెండేళ్ళు
ఆదివారం, ఉదయం 10:05

అందరూ పని గురించి మాట్లాడారు, జీతం గురించి పీణ్య గారొక్కరే మాట్లాడారు. నేను అక్కడికే వస్తాను, ఎందుకంటే మారతహళ్ళి గారి అసలు సమస్య అక్కడ ఉంది.

ఎనిమిది మందినీ వరుస కట్టి రేటింగు ఇస్తూ "జట్టుగా ఉండండి" అనడం మనుషులకు చేసే అన్యాయం. పక్కవారికి నా క్లయింటు సంగతి నేర్పితే, నేను సెలవులో ఉన్నప్పుడు వారు నిలబెట్టిన పని వారి ఖాతాలో పడి, నా స్థానం ఒక మెట్టు దిగుతుంది. తెలివైనవారు నేర్పరు. అది వారి స్వార్థం అనను, ఆ పద్ధతి వారికి నేర్పిన పాఠం అది. ఇలా ఉద్యోగులను నిర్ణీత శాతాల్లో పైకీ కిందికీ పంచే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో వదిలేసింది. వదలడానికి చెప్పిన కారణాల్లో కలిసి పనిచేయడం ముఖ్యమైనది.

వ్యక్తిగత కొలత వేరు, వ్యక్తుల మధ్య పోటీ వరుస వేరు. తాడు ప్రయోగాలు మొదటిదానిని సమర్థిస్తాయి, రెండోదానిని కాదు. నీ పని ఈ ప్రమాణానికి చేరిందా అని ఎనిమిది మందినీ విడివిడిగా అడగవచ్చు. ఎనిమిది మందీ చేరితే ఎనిమిది మందికీ మంచి రేటింగు రావాలి. సమూహానికి అది సరిపోతుంది. విడుదల రాత్రి ముగ్గురికి మాత్రం ఫలితం ఒకటే కాబట్టి దానికి ఒకే మార్కు ఉండాలి.

వైట్‌ఫీల్డ్ గారూ, ఒంటరి పిల్లల గురించి మీరు పడిన బాధ నన్ను కదిలించింది. దానికి రోజూ గంట సమావేశం సమాధానం కాదు. కొత్తగా వచ్చిన ప్రతివారికీ ఒక పాత ఉద్యోగిని తోడు పెట్టండి. ఇద్దరి మధ్య నిజమైన ప్రశ్నలు పుడతాయి, ఎనిమిది మంది ముందు పుట్టవు.

వైట్‌ఫీల్డ్ మేనేజర్
ఆదివారం, ఉదయం 10:50

తోడు పెట్టడం మా దగ్గరా ఉంది గాని కాగితం మీదే మిగిలిపోయింది. దాన్ని నడిపించాలన్న మీ మాట సరైనది. సమావేశం పూర్తిగా వద్దనే వాదనను మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. వారానికి ఒక్కసారైనా అందరి ముఖాలూ కనబడాలి. కూర్గు ప్రయాణం కూడా తప్పు కాదు, దాని మీద పని బరువు వేయకుండా ఉంటే చాలు. మనుషులు నాలుగు రోజులు కలిసి తిరిగితే కలిగే ఆనందం దానికదే విలువైనది.

మారతహళ్ళి టెస్టర్
సోమవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు మేనేజర్ గారితో కూర్చున్నాను. పని ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళుతుందో ఒక కాగితం మీద గీసి చూపించాను. ఎనిమిది పేర్ల మధ్య గీతలు మూడింటి దగ్గరే కలిశాయి. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, ఒప్పుకున్నారు.

రోజూ గంట పోయింది. వారానికి అరగంట ఉంటుంది, అందులో ఎవరి పని వారు చెప్పడం కాదు, అందరికీ పనికొచ్చే నియమాలే మాట్లాడతాం: దోషాన్ని ఎలా నమోదు చేయాలి, పరీక్షల పేర్లు ఎలా పెట్టాలి వంటివి. ప్రతి ఉత్పత్తికీ ఇద్దరు, ఒకరు ముఖ్యం, ఒకరు తోడు. విడుదల రాత్రి ముగ్గురూ మొదట నర్సు గారు చెప్పినట్టు పేరు, ఈ రాత్రి తన బాధ్యత, తనకున్న అనుమానం చెప్పి మొదలుపెడతారు. పరీక్ష ఆపమనే హక్కు ముగ్గురికీ ఉంటుంది, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. కూర్గు వెళుతున్నాం, కుటుంబాలతో.

రేటింగుల వరుస ఆయన చేతిలో లేదు. పైన మాట్లాడతానన్నారు. అది మారకపోతే తోడు పద్ధతి ఎంతకాలం నిలుస్తుందోనన్న భయం నాకుంది.

రాత్రి డ్యూటీ నర్సు
సోమవారం, రాత్రి 10:10

ఒక్క సంగతి. అనుమానం చెప్పడం ముగ్గురిలో చిన్నవారితో మొదలుపెట్టండి. సీనియర్ ముందు మాట్లాడితే తరువాతి ఇద్దరూ "నాకూ అదే" అంటారు.

హెచ్ఆర్‌లో పన్నెండేళ్ళు
సోమవారం, రాత్రి 10:40

రేటింగుల గురించి: వరుస మీ పై అధికారుల చేతిలోనూ ఉండకపోవచ్చు, అది సంస్థ మొత్తానికి చెందిన విధానం. కానీ లక్ష్యాల పత్రం మీ చేతిలో ఉంది. చాలా సంస్థల్లో అది ఏప్రిల్‌లో రాస్తారు. ప్రతివారి పత్రంలో రెండు పంక్తులు రాయించండి. ఒకటి, తాను తోడుగా ఉన్న ఉత్పత్తిని ముఖ్య టెస్టర్ సెలవులో ఉన్నప్పుడు ఆగకుండా నడిపించాలి. రెండు, తన ఉత్పత్తిని తోడు ఉన్నవారికి నడపగలిగేంతగా నేర్పాలి. నేర్పడం కూడా మార్కులున్న పని అవుతుంది. విడుదల రాత్రి ముగ్గురి పత్రాల్లోనూ ఒకే లక్ష్యం, అవే మాటల్లో, అంతే మార్కులతో ఉండాలి. ఏడాది చివర అడిగితే ఎవరూ వినరు. పత్రంలో ముందే ఉంటే కాదనడం కష్టం.